చావు కబుర్లు తప్ప మిగతావన్నీ

రేడియో స్టేషన్లో ఏం పని చేసేదానివని ఎవరైనా అడిగితే "చెరిపేదాన్ని" అంటాను. నవ్వుతారు. నవ్వనివ్వండి. పాటలు వేసినవాళ్ళకీ వార్తలు చదివినవాళ్ళకీ ఫిజీ దీవులన్నిటా పేరొచ్చింది. వాళ్ళు రికార్డు చేసిందంతా డిస్కు నిండా పేరుకుపోతే, ఊడ్చి చోటు చేసింది నేను. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు సువాలో లేరని ఇప్పుడు ధైర్యంగా చెప్పుకుంటున్నాను. ఉద్యోగంలో ఉండగా చెప్పుకుంటే గర్వం అనేవారు. రిటైరయ్యాక చెప్పుకుంటే అనుభవం అంటున్నారు.

ఈ వ్యాసం తెలుగులో రాయమని మన సంఘం వాళ్ళు అడిగారు. కంప్యూటర్ గదుల్లో కొత్తగా చేరుతున్న మన పిల్లలకి తెలుగు చదవడం రాదు. తెలుగు చదవగలిగిన ముసలివాళ్ళకి కంప్యూటర్ తెలియదు. కాబట్టి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదువుకోవాలి. అలా కూర్చోబెట్టడానికైనా రాయాలనిపించింది. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవే తక్కువ, వాటి కథలు మరీ విసుగు.

రేడియో చెప్పేదాకా చావు కాదు

మాది నాందీ ఊరి బయట నవాకా. చెరకు రైతుల కుటుంబం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో నేను బడిపిల్లని. మా ఇంట్లో రేడియోలో పాటలు మోగినా మోగకపోయినా చావు కబుర్లు మాత్రం మోగాల్సిందే. ఫలానా ఊళ్ళో ఫలానా ఆయన కాలం చేశారు, ఫలానావారి తండ్రి, ఫలానావారి బావగారు, దహనం రేపు ఫలానా చోట అని హిందీలో చదివేవారు. ఆ కాసేపూ పెనం మీద రొట్టె మాడుతున్నా మా అమ్మ కదిలేది కాదు. బంధువులందరూ దీవికి కొందరుగా చెదిరిపోయారు, ఫోన్లు ఏ కొద్ది ఇళ్ళల్లోనో ఉండేవి. పోయినవాళ్ళ కబురూ అదే, రమ్మనే పిలుపూ అదే. రేడియో చెప్పేదాకా మనిషి పోయినట్టు కాదని మా పెదనాన్న వేళాకోళం చేసేవాడు.

చదువయ్యాక సువాలో ఒక రేడియో స్టేషన్లో టేపుల గదిలో చేరాను. కొన్నేళ్ళకి టేపులు పోయి కంప్యూటర్ వచ్చింది. శనివారాల క్లాసులకి వెళ్ళి నేర్చుకున్నాను. టేపుల అమ్మాయికి ఇదంతా ఎందుకన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరి వీడ్కోలు విందుల్లోనూ నేను కడుపునిండా తిన్నాను.

ఆ కంప్యూటర్లో భాషకొకటి చొప్పున మూడు డైరెక్టరీలు ఉండేవి: hindi, ఫిజియన్ భాషకి viti, english. డైరెక్టరీ అంటే బీరువాలో అర అనుకోండి. ఒక్కొక్క పెద్ద అర లోపల చిన్న అరలు. పాటలకి ఒకటి, ప్రకటనలకి ఒకటి, నాటకాలకి ఒకటి, ఇలా చాలా. వాటిలోనే చావు కబుర్లకి maut, తుఫాను హెచ్చరికలకి toofan. ఆ పేర్లు పెట్టింది హిందీ విభాగంలో చావు కబుర్లు చదివే మునిసామి అన్న. ఆయనా మనవాడే, తెలుగు ఇంటివాడు. తక్కిన రెండు విభాగాలూ ఆ పేర్లనే తీసుకున్నాయి.

ప్రసాద్ గారి చీపురు

మా చీఫ్ ఇంజనీర్ ప్రసాద్ గారు మంచి మనిషి. ట్రాన్స్‌మిటర్ ఆగిపోతే జోరువానలో కొండెక్కి బాగుచేసి వచ్చేవారు. వచ్చాక తల తుడుచుకోకుండా టీ అడిగేవారు. ఆయన చేయి మాత్రం మహా తొందరది. ఒకరోజు డిస్కు నిండిందని తెలిసి, నేను మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిన సమయంలో తానే ఊడవడానికి కూర్చున్నారు. చావు కబుర్లు ముట్టుకోకూడదని ఆయనకీ తెలుసు. అందుకని జాగ్రత్తగానే ఇలా కొట్టారు:

`rm -r !(maut)`

మొదటి ముక్క చెరపమనే ఆజ్ఞ. ఆశ్చర్యార్థకం పక్కన బ్రాకెట్లలో ఏది పెడితే "అది తప్ప మిగతావన్నీ" అని అర్థం. maut తప్ప మిగతావన్నీ చెరుపు. వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ ఆయన ఆ మాట అన్నది పై అంతస్తులో నిలబడి. అక్కడ ఉన్నవి hindi, viti, english మూడే. మూడింటిలో దేని పేరూ maut కాదు గనుక మూడూ పోయాయి. వాటితోపాటు లోపలున్న maut కూడా పోయింది. అవ్వని ముట్టుకోవద్దని చెప్పి, అవ్వ లోపలుండగానే ఇల్లు కూల్చినట్టయింది.

పాటలు సీడీల నుంచి మళ్ళీ ఎక్కించాం. ప్రకటనలు ఇచ్చినవాళ్ళే తిరిగి పంపారు. ఆ సాయంత్రం చావు కబుర్ల వేళకి మునిసామి అన్న డ్యూటీ దిగి వెళ్ళిపోయాడు. యంత్రం అరలో చూసింది, ఏమీ లేదు, ఒక పాట వేసి ఊరుకుంది. ఎవరూ గమనించలేదు.

ఆ వారంలోనే నవాకా నుంచి రాములు వచ్చాడు. మా పక్కపొలం వాళ్ళబ్బాయి. తల గొరిగించుకుని ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బాబు పోయె దీదీ," అన్నాడు. "రేడియోకి ఫోన్ చేసినా నేను, పేరు అంతా చెప్పినా. కోయి నహీ ఆయిస్. బాబు సొంత చెల్లెలు లంబాసాలో ఉంది, ఆమెకీ తెలవలే. మోసినవాళ్ళం తప్ప ఎవ్వరూ లేదు దీదీ."

అరవలేదు, తిట్టలేదు. తన తండ్రి చావుకి ఎవరూ ఎందుకు రాలేదో తెలుసుకుని వెళదామని వచ్చాడు, అంతే. ప్రసాద్ గారు గదిలోంచి బయటికి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని, "హమార్ గల్తీ, భయ్యా" అన్నారు. తప్పు నాది అని రిసెప్షన్లో అందరి ముందూ చెప్పిన పై అధికారిని నా ఉద్యోగంలో ఇంకొకరిని చూడలేదు. ఆ గౌరవం ఆయనకి ఇవ్వాల్సిందే. కోపం మాత్రం చాలా రోజులు తగ్గలేదు. రాములు తండ్రి నన్ను భుజాన ఎక్కించుకుని చెరకు తోటంతా తిప్పిన మనిషి.

చదివి వినిపించాకే

కోపంతో ఒక మంచి పని చేశాను. చెరిపే పద్ధతి మొత్తం మార్చాను.

పిల్లలూ, ఈ ఒక్క సంగతీ బుర్రలో పెట్టుకోండి. చెరిపే rm కి మినహాయింపులు తెలియవు. "ఇది తప్ప" అన్న మాట దాని చెవిన పడదు. మీరు కొట్టిన నమూనాని ముందుగా, మన ఆజ్ఞలు అందుకునే షెల్ చదువుతుంది, దానికి సరిపోయే పేర్లన్నీ పోగుచేసి rm చేతికి ఇస్తుంది. ఇచ్చినవన్నీ అది నమిలేస్తుంది. కాబట్టి ఆ పేర్లేమిటో మీరు ముందే చూడవచ్చు. rm ఉన్న చోట echo పెట్టండి. అదే నమూనా, అదే జాగా. పోబోయేవన్నీ తెర మీద కనిపిస్తాయి, ఏదీ పోదు.

రెండోది, మినహాయింపు ఏ అంతస్తులో చెబితే ఆ అంతస్తుకే చెల్లుతుంది. లోపలి అరని కాపాడాలంటే లోపలికి దిగి చెప్పాలి. మాకు కావలసింది ఇది:

`echo */!(maut|toofan)`

నక్షత్రం మూడు పెద్ద అరల్లోకీ దిగుతుంది. ఏటవాలు గీత దాటాక, లోపల ఉన్నవాటిలో ఆ రెండూ తప్ప మిగతావి. నేటి bash అనే షెల్‌లో ఇది పనిచేయాలంటే ముందు `shopt -s extglob` అని తలుపు తీయాలి. ఇంకా లోతుగా, ఏ అంతస్తులో ఉన్నాయో తెలియని అరలని వదలాలంటే find కి -prune ఉంది. గట్టి పనిముట్టే, కాదనను. కానీ కొట్టిన వాక్యాన్ని పైకి చదివి అర్థం చెప్పలేనివాళ్ళు దాన్ని ముట్టుకోకూడదని నా అభిప్రాయం. మా శనివారం మాస్టారు దీనికి ఒప్పుకునేవాడు కాదు. ఆయన ఏ రోజూ రాములు ముఖం చూడలేదు.

మూడోది నా సొంత ఆచారం. echo చూపించినదాన్ని ఒంటరిగా చూసి ఊరుకోకూడదు. వేరే విభాగం మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పేరూ పైకి చదవాలి. మన కంటికి అలవాటైపోయింది మన కంటికే ఆనదు. నా పక్కన ఎక్కువగా కూర్చున్నది viti విభాగం టెక్నీషియన్ సేరు. నిబ్బరమైన మనిషి, ఫిజీ హిందీ మాకంటే తియ్యగా మాట్లాడేవాడు. "సత్యా దీదీ కే పూజా చాలూ" అని మిగతావాళ్ళు ఎగతాళి చేస్తే, సేరు వాళ్ళకి తమ ఆచారపు పానీయం యంగోనా గురించి చెప్పేవాడు. గిన్నె అందుకునే ముందు చప్పట్లు కొట్టకపోతే తాగడం ఎలా మర్యాద కాదో, చదవకుండా చెరపడం అలాగే మర్యాద కాదని. నా పద్ధతికి ఆఫీసులో మొదటి భక్తుడు అతనే.

తుఫాను వచ్చిన పొద్దు

ఒక ఏడాది తుఫాను, ఉత్తరాన లంబాసా ఉన్న వనువాలేవు దీవి మీదికి బయలుదేరింది. పొద్దున్నే ఆఫీసుకి వచ్చేసరికి సువాలోనే గాలి కొబ్బరి మట్టలని విరిచి పడేస్తోంది. హెచ్చరికలు మూడు భాషల్లో రికార్డు చేసి, మళ్ళీ మళ్ళీ వేయాలి. ఉత్తరాన ఉన్న జనం బ్యాటరీ రేడియోలు ముందు పెట్టుకుని కూర్చుంటారు.

మునిసామి అన్న గొడుగు చంకలో పెట్టుకుని నా గది గుమ్మంలో ఆగాడు.

"సత్యా, లంబాసా దగ్గర వాయినికోరో కబురు మారినాది," అన్నాడు. "ఆ రైతు పోయిండు గదా, దహనం రేపు అని నిన్న సాంజ్ నుంచి చెప్తుండాం. వాళ్ళ అమ్మాయి ఇప్పుడే ఫోన్ చేసె. ఈ పొద్దే అయిపోజేస్తారంట. రేపు ఎవ్వరూ రావద్దు, నది మీద చిన్న పుల్ మునుగుతాది అని ఏడుస్తా చెప్పె. కొత్తది రికార్డు చేసి maut లో పెట్టినా. పాతది తీసెయ్."

"ఎవరి పేరు అన్నా? ఏ ఊళ్ళవాళ్ళకి?"

"అంతా దాంట్లోనే ఉంది. నా బస్సు పోతాది. ఊరి అంచున వాలేలేవులో మా ఇంటి మీద రేకు లేస్తుండాది, పెళ్ళాం ఒక్కతే ఉంది."

వెళ్ళిపోయాడు. పాత కబురు ఒక్కటే తీసేసి కొత్తదాన్ని వరుసలో పెట్టాను. ఇంతలో సేరు పరుగున వచ్చాడు. డిస్కు నిండిపోయింది, తాజా హెచ్చరిక రికార్డు కావడం లేదు. ఏదో ఒక అర చెరిపితే చాలే పరిస్థితి కాదు. పాటలూ నాటకాలూ ఇంటర్వ్యూలూ మూడు భాషల్లో ఎన్నో అరల్లో ఉన్నాయి, ఒక్కొక్కటి ఏరే వ్యవధి లేదు. maut కూడా చెరిపేసి, ఆ కబురు మళ్ళీ రికార్డు చేయడానికి వాయినికోరోకి ఫోన్ చేసి ఆ అమ్మాయినే పేర్లు అడుగుదామంటే ఉత్తర దీవి లైన్లు అప్పటికే పడిపోయాయి.

ప్రసాద్ గారు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. పైనుంచి ఆయనకి ఫోన్ మీద ఫోన్ వస్తోంది.

"సబ్ సాఫ్ కరో, సత్యా. ఖాలీ తూఫాన్ రక్ఖో." అన్నీ చెరిపెయ్, తుఫాను ఒక్కటే ఉంచు అని.

"మౌత్ భీ రహీ, సాహెబ్," అన్నాను. చావు కబుర్లూ ఉండాల్సిందే.

"ఆజ్ కే దిన్ మే? మరే వాలా తో మర్ గయిస్, సత్యా! హమే జిందా మనయ్ కే బచాయే కే హై."

పోయినవాడు ఎలాగూ పోయాడు, నేను బతికున్నవాళ్ళని కాపాడాలి అంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. కుర్చీలోంచి లేచి ఆయనకి ఎదురుగా నిలబడ్డాను.

"మౌత్ కే ఖబర్ మరే వాలా నహీ సునే, సాహెబ్. జిందా మనయ్ సునే. కల్ సబేరే ఊ లోగ్ పుల్ పే రహీ."

చావు కబురు చచ్చినవాడు వినడు, బతికున్నవాళ్ళు వింటారు, రేపు పొద్దున వాళ్ళు ఆ వంతెన మీద ఉంటారు అన్నాను. ఆయన ముఖం మారింది. రాములు చేతులు పట్టుకున్న మనిషి కదా, ఇంకొక మాట చెప్పనవసరం లేకపోయింది. తలుపు దగ్గర గుమిగూడినవాళ్ళని నోరుమూయమన్నారు. తానే స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

echo కొట్టాను. తెర నిండా పేర్లు వచ్చాయి. నేను పైకి చదవడం మొదలుపెట్టాను. hindi లో పాటలు, పోనీ. ప్రకటనలు, పోనీ. నాటకాలు, పోనీ. ఒక్కొక్కదానికీ సేరు "ఇయో" అంటున్నాడు, వాళ్ళ భాషలో ఔనని. viti లోకి వచ్చాం. పాటలు, ఇయో. భజన కీర్తనల్లాంటి చర్చి పాటలు, కాస్త నసిగి, ఇయో. తర్వాతి పేరు cagilaba, వాళ్ళ పలుకుబడిలో చదివాను: దంగిలంబా.

సేరు ఇయో అనలేదు. నా చేయి పట్టుకున్నాడు.

"దీదీ, రుకో! ఊ తో తూఫాన్ హై!"

వాళ్ళ భాషలో పెనుతుఫానుకి ఆ మాట. ఆ పొద్దున తొలి హెచ్చరిక చదివిన వాళ్ళ అనౌన్సర్ కంగారులో toofan అర వెతకకుండా, తన భాషలో పేరు పెట్టి కొత్త అర తెరిచి అందులో దాచాడు. మా పుస్తకాల ప్రకారం ఆ అర లేదు. అరిచే తుఫాను ముందు కూర్చున్న మనిషికి తన తల్లిభాషే నోటికి వస్తుంది, అందులో తప్పు పట్టడానికేముంది? చదవకుండా చెరిపి ఉంటే వనువాలేవులోని ఫిజియన్ ఊళ్ళన్నిటికీ ఆ పూట హెచ్చరిక లేనట్టే.

ప్రసాద్ గారు స్టూలు ముందుకి జరిపారు. తానే కీబోర్డు మీదికి వంగి, పేర్ల మధ్య పెట్టే నిలువు గీత కొట్టి, ఆ పేరు చేర్చారు. చేర్చి నా వైపు చూశారు.

"ఫిర్ సే పఢో," అన్నారు. మళ్ళీ చదవమని! తొందర చేయికి మారుపేరైన ప్రసాద్ గారు! గదిలో ఎవరూ నవ్వలేదు గానీ నాకు మాత్రం ఆ గాలివానలోనూ పెద్ద పండగలా అనిపించింది.

మొదటినుంచీ మళ్ళీ చదివాం. ప్రతి పేరుకీ సేరు ఇయో అన్నాడు. అప్పుడు echo తీసి rm -r పెట్టి కొట్టాను:

`rm -r */!(maut|toofan|cagilaba)`

డిస్కులో సగానికి పైగా ఖాళీ అయింది. ఉండవలసినవన్నీ ఉన్నాయి. సేరు స్టూడియోకి పరుగెత్తాడు. కాసేపటికి తాజా హెచ్చరిక మూడు భాషల్లో వెళ్ళింది. దాని వెనకే మునిసామి అన్న గొంతు స్పీకర్లో వినిపించింది. వాయినికోరో రైతు పేరు, లంబాసా బంధువుల పేర్లు, ఊళ్ళ పేర్లు అన్నీ నిదానంగా చదివి, రేపు ఎవరూ బయలుదేరవద్దని ఇంటివాళ్ళు దండం పెట్టి చెబుతున్నారు అన్నాడు. ఆ రోజంతా, మర్నాడు పొద్దున కూడా, హెచ్చరిక వేసిన ప్రతిసారీ దాన్నీ వేశాం. సేరు "సా వినాకా, దీదీ" అని తన భాషలో మెచ్చుకుంటూ నా భుజం మీద చరిచాడు. గట్టిగానే తగిలింది, ఏమీ అనుకోలేదు.

లక్ష్మి ఫోన్

తుఫాను దాటి, లైన్లు బాగుపడ్డాక స్టేషన్‌కి ఒక ఫోన్ వచ్చింది. చావు కబుర్ల మనిషి కావాలంటే మునిసామి అన్న తీసుకున్నాడు. రెండు మాటలు విని ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వు ఇను" అన్నాడు. వాయినికోరో అమ్మాయి, పేరు లక్ష్మి.

"ఎవ్వరూ రాలే దీదీ," అంది. ఏడుస్తోంది. "ఒక్కళ్ళూ రాలే! లంబాసాలో మా పెద్దమ్మ వాళ్ళు లారీ మాట్లాడి పెట్టిండ్రు. పిల్లలు, ముసలోళ్ళు, అందరూ ఎక్కేది ఉండె. పొద్దున్నే రేడియోలో ఇని లారీ ఆపేసిండ్రు. ఆ టైంకే పుల్ బహ్ గయిస్ దీదీ, మొత్తం పోయింది. మేము గట్టు మీద నిలబడి చూస్తుండాం, అవతల ఎవ్వరూ లేదు. దేవుడా, ఎవ్వరూ లేదు!"

నేనేం చెప్పానో నాకు గుర్తు లేదు. కళ్ళు తుడుచుకోవడం గుర్తుంది. ప్రసాద్ గారు ఏమిటని సైగ చేస్తే ఫోన్ ఆయన చెవికి పెట్టాను. విన్నారు. ఫోన్ తిరిగి ఇచ్చి, గోడవైపు తిరిగి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

లక్ష్మి ఫోన్ చేసింది అందుకు మాత్రమే కాదు. తండ్రి పదమూడో రోజుకి అందరినీ రమ్మని రేడియోలో చెప్పాలట. పుల్ లేదు గదమ్మా అంటే, నది తగ్గింది, ట్రాక్టర్లు దాటుతున్నాయి అంది. మునిసామి అన్న ఆ కబురు రికార్డు చేశాడు. ఆ వారం నేను రెండుసార్లు డిస్కు ఊడ్చాను. రెండుసార్లూ ప్రసాద్ గారే స్టూలు లాక్కుని వచ్చి పక్కన కూర్చుని చదివించారు.

ఆ కర్మ అయిన మర్నాడు లక్ష్మి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు వేరుగా ఉంది. వెనక గిన్నెల చప్పుడు, పిల్లల అరుపులు.

"దీదీ, మీ రేడియో మీద నాకు కోపం ఉంది," అంది.

"ఏమైందమ్మా?"

"అందరూ వచ్చేసిండ్రు! లంబాసా నుంచి, తవేవుని నుంచి, నాందీ నుంచి కూడా. నాన్న పేరు ఇని మేము మర్చిపోయినోళ్ళు కూడా వచ్చిండ్రు. అన్నం చాల్లే దీదీ, మళ్ళీ వండినాం, అదీ చాల్లే!"